హమాలీ కూలీలో పీఎఫ్, ఈఎస్ఐ కోయాలా, మొత్తం చేతికే ఇవ్వాలా?

నల్లపాడు రోడ్డు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో తేలని గొడవ ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో 31 ఏళ్లుగా హమాలీ. ఆయన ఎడమ భుజం మీద చర్మం అరికాలిలా గట్టిపడి ఉంటుంది. సంక్రాంతి అయ్యాక ఒక కోల్డ్ స్టోరేజీలో లారీకి ఎత్తుతుంటే చెక్క మీద కాలు జారి టిక్కీతో (మిర్చి బస్తాతో) సహా కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవలో అయిపోయింది, మా చేతి నుంచి రూపాయి పడలేదు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టరు గారు. యార్డులో ఏడాది కూలీ అంతా వచ్చేది ఆ మూడు నాలుగు నెలల్లోనే. కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఐదు వేలు చేతిలో పెట్టి ‘ఇతను మా మనిషి కాదు, ముఠా మనిషి’ అన్నారు. ముఠా అంటే కలిసి మోసే హమాలీల జట్టు. అందులో తోటివాళ్లు తలా కొంత వేసుకుని ఇంకో తొమ్మిది వేలు ఇచ్చారు. అంతే.

నేను విజయవాడలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నెలనెలా నా జీతంలో పీఎఫ్ (పని మానేశాక వచ్చే దాపు), ఈఎస్ఐ (జబ్బుకీ ప్రమాదానికీ బీమా) పోతాయి. ఇదే కాలు పనిలో ఉండగా నాకు విరిగి ఉంటే లేచి తిరిగేదాకా ఈఎస్ఐ నుంచి జీతంలో 90 శాతం వచ్చేది. మామూలు జబ్బయినా 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. ఫ్యాను కింద కూర్చునే నాకు ఉంది, బస్తాలు మోసే ఆయనకు లేదు.

నాన్నతో ఇదంతా చెబితే ఒప్పుకోడు. ‘చేతికి రాని డబ్బు డబ్బు కాదురా. నా కూలీలో కోసి ఎవడో దాస్తానంటే నేనివ్వను’ అంటాడు. మంచం మీద ఉండి కూడా అదే మాట.

కోత ఉండాలని నేనంటాను. మీరేమంటారు?

ఆటోనగర్ లేత్

తమ్ముడూ, నాన్నగారు త్వరగా లేచి తిరగాలి. నేను పని ఇచ్చేవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను, వేరేగా అనుకోవద్దు.

మాది లారీ పనుల షెడ్డు. లేత్‌లు, వెల్డింగు, పెయింటు కలిపి 22 మంది. ఒక కుర్రాడి జీతం 15,000 అనుకో. అతని వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 112 రూపాయల 50 పైసలు. చేతికి 13,087. నా వాటా పీఎఫ్ 1,800, దాని మీద బీమా, ఆఫీసు ఖర్చు కలిపి 150, ఈఎస్ఐ 487. అంటే నేను 17,437 తీస్తే కుర్రాడికి కనిపించేది 13,087. మధ్యలో 4,350 అతని కంటికి ఆనదు.

మా వీధిలోనే ఒకాయన ఒకే షెడ్డుకి రెండు పేర్లతో రెండు బోర్డులు పెట్టి, ఒక్కో పేరు మీద తొమ్మిది మందినే చూపిస్తాడు. ఈఎస్ఐకి పది మంది ఉండాలి, పీఎఫ్‌కి ఇరవై మంది ఉండాలి కదా, రెండూ తగలవు. ‘15,000 చేతికే ఇస్తా రా’ అంటాడు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరు అలాగే వెళ్లిపోయారు. అందులో ఒకడికి నేనే ఐదేళ్లు పని నేర్పాను. చట్టానికి లోబడి నడిచేవాడి దగ్గర పనివాడు నిలవడు, తప్పించుకునేవాడి దగ్గరికి వెళ్తాడు. పెడితే అందరికీ పెట్టాలి. లేదంటే మీ నాన్నగారన్నట్టు మొత్తం చేతికిచ్చి ఎవరి జాగ్రత్త వాళ్లను చూసుకోమనాలి. ఈ సగం సగం పద్ధతి వల్ల నష్టపోయేది మాలాంటివాళ్లమే.

ఉష, కృష్ణలంక

నేను 12 ఏళ్లుగా బట్టల షాపుల్లో సేల్స్‌లో ఉన్నాను, పొద్దున్న పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పని. రెండు అనుభవాలు చెబుతాను, రెండూ నావే.

మొదటి షాపులో నా జీతం 13,000. ఈఎస్ఐకి నా దగ్గర కోసింది నెలకు 97 రూపాయల 50 పైసలు. పాప పుట్టినప్పుడు 26 వారాలు పూర్తి జీతం నా ఖాతాలో పడింది. 97 రూపాయలు కోస్తున్నారని మొదట్లో మేమందరం గొణుక్కున్నవాళ్లమే. కాన్పయ్యాక ఆ మాట నా నోట మళ్లీ రాలేదు. అదే వయసులో మా ఆడపడుచు ఈఎస్ఐ లేని షాపులో చేసేది, కాన్పయిన నలభయ్యో రోజున పనికి వెళ్లింది. కుట్లు పచ్చిగానే ఉన్నాయి.

రెండో షాపులో పీఎఫ్ కోశారు. స్లిప్పులో నెలనెలా రాసేవాళ్లు. ఒకరోజు తోటి అమ్మాయి ఫోన్లో పాస్‌బుక్ చూసుకుంటుంటే నాదీ చూడమన్నాను. ఎనిమిది నెలలు ఖాళీ. కోసింది నిజం, కట్టలేదు. అడిగితే ‘కడతాంలేమ్మా, ఎక్కడికి పోతుంది’ అన్నారు. పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు రాసి ఇచ్చాను. జమ అయ్యేసరికి ఏడాది పట్టింది, ఈలోపు నా ఉద్యోగం పోయింది.

కాబట్టి తమ్ముడూ, మీ నాన్నగారి మాట మొండితనం అని కొట్టెయ్యకు. ఆయన భయం ఉత్త భయం కాదు. ఆ కోతను కట్టారా లేదా అని నెలనెలా చూసుకునే దారి ఆయనకు ఉండాలి. ఆ దారి లేకుండా కోస్తామంటే నేనైనా ఇవ్వను.

పాత మిల్లు మనిషి

నాకు 71 ఏళ్లు. గుంటూరులో ఒక మిల్లులో చేసి 2013లో దిగిపోయాను. పీఎఫ్ లంప్‌సమ్ వచ్చినప్పుడు పెద్దమ్మాయి పెళ్లి చేసి, పైన ఒక గది వేసుకున్నాను. ఆ డబ్బు చేతికే ఇచ్చి ఉంటే ఏనాడో ఖర్చయిపోయేది, దాచేవాణ్ణి కాదు. ఇది ఒప్పుకుంటాను.

పెన్షన్ సంగతి వేరు. 1995 నవంబరులో ఆ పెన్షన్ పథకం మొదలైంది. అప్పటి జీతం పరిమితి 6,500 మీద 18 ఏళ్ల లెక్క కట్టి, 70తో భాగించి నాకు 1,671 రూపాయలు తేల్చారు. 2013లో 1,671, ఇప్పుడూ 1,671. దానికి డీఏ (ధరలతో పాటు పెరిగే భత్యం) లేదు. నాకన్నా తక్కువ వచ్చేవాళ్లకు 2014లో కనీసం 1,000 అని పెట్టారు, అది ఇంకా ఆ వెయ్యి దగ్గరే ఉంది. మా ఎదురింటాయన జీవితమంతా అడ్డా కూలీ, ఎక్కడా ఒక్క రూపాయి కట్టలేదు. ఆయనకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 వస్తోంది. ఆయనకు రావడం నాకు సంతోషమే, ఆయన కష్టం నేను చూశాను. కానీ 18 ఏళ్లు నా పేరున కట్టించి 1,671 ఇస్తుంటే, కోయించుకోండి నాయనా అని నేను కుర్రాళ్లకు ఏ ముఖంతో చెప్పాలి?

సింగ్‌నగర్ బండి

నేను డెలివరీ చేస్తాను. మా సంగతీ హమాలీల సంగతీ ఒకటే, ‘మా మనిషి కాదు’ అనే మాటే మాకూ వినిపిస్తుంది. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. అందులో మాలాంటి వాళ్ల కోసం యాప్ కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం నిధికి ఇవ్వాలని ఉంది, మాకు చెల్లించే దానిలో 5 శాతం మించకుండా. అది మా కోత కాదు, వాళ్లు పెట్టాల్సింది. నాకు నచ్చింది ఇదే. ఆర్డరు తిరిగిన చోటే డబ్బు పక్కకు తీయడం.

2025 అక్టోబరులో ఆటో వాళ్లకు ఏడాదికి 15,000 వేశారు. మంచిదే. కానీ అది ప్రభుత్వం తలుచుకుంటే వచ్చేది, తలుచుకోకపోతే రానిది.

అరండల్‌పేట 4వ లైను

ఇంత గొడవ ఎందుకండీ? ఏడాదికి 20 రూపాయలు కడితే సురక్షా బీమా ఉంది, 2 లక్షలు. ఈ-శ్రమ్ కార్డు ఉంది. ఎవరికి వాళ్లు చేయించుకోవచ్చుగా.

నల్లపాడు రోడ్డు

చేయించాను సార్, రెండూ చేయించాను. ఆ 20 రూపాయల బీమా మనిషి పోతేనో, కన్నో కాలో శాశ్వతంగా పోతేనో ఇస్తుంది. ఎముక అతుక్కునేదాకా ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇవ్వదు. ఈ-శ్రమ్ కార్డు దేవుడి పటం వెనక భద్రంగా ఉంది. దాని వల్ల మేము ఉన్నామని లెక్క తెలుస్తుంది, అంతవరకే. మాన్‌ధన్ పెన్షన్ చూద్దామంటే చేరేనాటికి 40 దాటకూడదు, నాన్నకు 57.

మిల్లు తాతగారూ, మీ 1,671 చదివాక నాన్నకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

పట్నంబజార్ గుమాస్తా

యార్డులో ఒక కమీషన్ కొట్టులో 20 ఏళ్ల పైనుంచి గుమాస్తాగా ఉన్నాను. ఇక్కడ మాట్లాడుతున్న పీఎఫ్, ఈఎస్ఐ అంతా ఒక యజమాని, ఒక పనివాడు అనే లెక్క మీద నడుస్తుంది. యార్డులో ఆ లెక్క ఎక్కడ కుదురుతుందో చూపించండి.

పొద్దున్న రైతు లారీ వస్తుంది. దింపే కూలీ రైతు లెక్కలోకి వెళ్తుంది. కాటా దగ్గర దడవాయి తూకం వేస్తాడు, అక్కడ టిక్కీని మళ్లీ మోయాలి. బేరం తెగాక కొన్నవాడి లారీకి ఎత్తాలి, అది కొన్నవాడి లెక్క. అమ్ముడుపోకపోతే కోల్డ్ స్టోరేజీకి, అక్కడ ఇంకొకరి లెక్క. మధ్యాహ్నంలోపు ఒక ముఠా ఆరేడు కొట్లకు పని చేస్తుంది. నేను చీటీ మీద ఐదేసి గీతలు గీసి టిక్కీలు లెక్కపెడతాను, సాయంత్రం ఆ గీతలను బట్టి ముఠా మేస్త్రీకి డబ్బిస్తాం, ఆయన పంచుతాడు. ఇందులో యజమాని ఎవరు? పడిపోయినప్పుడు అందరూ ‘మా మనిషి కాదు’ అంటారు. అబద్ధం చెబుతున్నామని ఎవరూ అనుకోరు. అసలు చిక్కు అక్కడే ఉంది బాబూ.

మహారాష్ట్రలో దీనికి 1969లోనే ఒక చట్టం చేశారు, మాథాడీ హమాలీల చట్టం. అక్కడ హమాలీ ఏ ఒక్క వ్యాపారికీ చెందడు, బోర్డులో నమోదవుతాడు. వ్యాపారి కూలీ డబ్బును, దాని మీద ఇంత శాతం అని అదనంగా లెవీని బోర్డుకు కడతాడు. బోర్డు కూలీ ఇస్తుంది, లెవీలోంచి పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్, వైద్యం చూస్తుంది. మనిషి రోజుకు పది కొట్లు మారినా అతని ఖాతా ఒక్కటే. అక్కడ తగువులు లేవని కాదు, బకాయిలు పెట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ ‘ఎవరి మనిషి’ అనే ప్రశ్న అక్కడ 1969లోనే తీరిపోయింది.

కోతను మనిషికి తగిలిస్తే యార్డులో అది నిలవదు. టిక్కీకి తగిలించాలి. టిక్కీ కదిలితే డబ్బు కదలాలి.

ఇంకో మాట. నాన్నగారి ప్రమాదం మీద లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. పనిలో దెబ్బతింటే పరిహారం అనేది 1923 నుంచి చట్టంలో ఉంది, ఎత్తుడు దింపుడు పని దానికి బయటిది కాదు. ఆ రోజు లారీ నంబరు, చీటీ, పక్కనున్న ఇద్దరి సాక్ష్యం ఇప్పుడే రాయించి పెట్టుకోండి. ఆలస్యమైతే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ప్రత్తిపాడు రైతుబిడ్డ

గుమాస్తా గారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ ఆ లెవీ చివరికి ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు. వ్యాపారి బేరంలో తగ్గించి కొంటాడు. 2025 మొదట్లో ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్యం ధర ప్రకటించే దాకా వచ్చింది. ఆ ఏడాది మా నాన్న కోత కూలీలు ఇవ్వడానికి అమ్మ గాజులు కుదువ పెట్టాడు. కాటా దగ్గర ఇప్పటికే ఎన్ని తీసివేతలు ఉన్నాయో మీ చీటీలోనే ఉంటాయి. హమాలీ కష్టం నాకు తెలుసు, ఒక కూలీకి మంచి చేయడానికి ఇంకో కష్టజీవి దగ్గర తీసుకోవద్దనే నా మాట.

పట్నంబజార్ గుమాస్తా

నీ మాట న్యాయమైందే బాబూ. అందుకే దింపుడు మీద వద్దు, కొన్నవాడి ఎత్తుడు మీదే వెయ్యాలంటాను. లెక్క చెబుతాను చూడు. 40 కిలోల టిక్కీ, క్వింటా పది వేలు అనుకున్నా 4,000 రూపాయల సరుకు. దాని మీద 2 రూపాయలు తీస్తే 4,000లో ఎన్నో వంతు? సీజన్ జోరులో యార్డుకు రోజుకు లక్ష టిక్కీల పైనే వస్తాయి. లక్ష మీద రోజుకు 2 లక్షలు. మార్కెట్ సెస్సు 1 శాతం ఎలాగూ వసూలవుతోంది, అంటే ప్రతి బేరానికీ కాగితం ఉంది. కొత్త ఆఫీసరు, కొత్త పుస్తకం అక్కర్లేదు. ఆ కాగితం మీదే ఇంకో గడి.

2 రూపాయలు చాలా, చాలవా అనేది లెక్కలు తెలిసినవాళ్లు తేల్చాలి. నేను చెప్పేది తీసే చోటు గురించి.

ఆటోనగర్ లేత్

ఇలా అయితే నాకూ అభ్యంతరం లేదు. నా ఇబ్బంది డబ్బు కట్టడం కాదు, పక్కవాడు కట్టకపోవడం. టిక్కీకి తగిలిస్తే ఎవడూ రెండు బోర్డులు పెట్టి తప్పించుకోలేడు.

తొడిమలు

మా అమ్మను మర్చిపోయారు.

యార్డు బయట, కోల్డ్ స్టోరేజీల దగ్గర, మిల్లుల దగ్గర మిర్చి తొడిమలు తీసేది, తాలు కాయలు ఏరేది ఆడవాళ్లే. వాళ్లకు ముఠా లేదు, మేస్త్రీ లేడు, సంఘం లేదు. కిలోల లెక్కన డబ్బు. సాయంత్రం మా అమ్మ ఇంటికొచ్చాక ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి అరగంట అలా చేతులు చాపుకుని కూర్చునేది. ఆ మంటతో అన్నం కలుపుకోలేదు, నేను కలిపి ముద్దలు పెట్టేదాన్ని. చిన్నపిల్లలున్న తల్లులు ఆ చేత్తో పిల్లల్ని తాకేవాళ్లు కాదు. ఘాటుకు దగ్గు ఏడాది పొడుగునా ఉండేది.

టిక్కీ మోస్తే లెక్కపెట్టేవాడు ఉన్నాడు. ఒలిచిన తొడిమను ఎవరు లెక్కపెడతారు గుమాస్తా గారూ? మీ చీటీలో ఆడవాళ్లకు గీత ఎక్కడ గీస్తారు?

పట్నంబజార్ గుమాస్తా

అమ్మా, నా చీటీలో వాళ్లకు గీత లేదు. నిజమే. వాళ్లకు డబ్బిచ్చేటప్పుడు కిలోల తూకం వేస్తారు కదా, ఆ తూకం రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. పట్టుకుంటే అక్కడ పట్టుకోవాలి. ఇంతకుమించి ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు, అడిగి తెలుసుకుంటాను.

ఉష, కృష్ణలంక

అక్కడే ఆడవాళ్ల పేరున ఖాతా ఉండాలి. మేస్త్రీ పేరునో, భర్త పేరునో కాదు. డబ్బు పడిన రోజు ఆమె ఫోనుకే మెసేజ్ రావాలి. నా ఎనిమిది నెలల అనుభవంతో చెబుతున్నాను, మిగతావన్నీ దీని తర్వాతే.

పాత మిల్లు మనిషి

పెన్షన్ ధరలతో పాటు పెరగాలని కూడా ముందే రాయించుకోండి. మేము చేరినప్పుడు ఆ మాట అడగాలని మాకు తట్టలేదు.

నల్లపాడు రోడ్డు

కోత ఉండాలి అని మొదట్లో రాశాను. ఇప్పుడు ఆ మాట మార్చుకుంటున్నాను. నాన్న కూలీలోంచి తీయమని నేనిక అడగను. ఆయన మోసిన టిక్కీ మీద, దాని వల్ల లాభం తీసేవాళ్ల దగ్గర తీయాలి. కానీ తీసి తీరాలి. ‘మొత్తం చేతికే’ అనే మాటతో నేను ఇప్పటికీ ఏకీభవించను. ఆ పద్ధతిలో 31 ఏళ్లు మోసి, ఆయన చేతిలో మిగిలింది తోటివాళ్లు వేసుకున్న తొమ్మిది వేలు.

మొన్న ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. మంచం మీద పడుకుని పైకి చూస్తూ విన్నాడు. మాథాడీ సంగతి వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చుని ‘బోర్డు చెప్పినా వినకుండా కొట్టువాడు మమ్మల్ని మానేసి వేరే రాష్ట్రం మనుషుల్ని దింపితే?’ అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. గుమాస్తా గారూ, మీకు తెలిస్తే చెప్పండి.

లేబర్ ఆఫీసు దరఖాస్తు సోమవారం ఇస్తున్నాం. లారీ నంబరు దొరికింది. ఒక సాక్షి సంతకం పెట్టాడు, ఇంకొకాయన పని పోతుందని భయపడుతున్నాడు.

పట్నంబజార్ గుమాస్తా

బయటి మనుషుల్ని దింపితే వాళ్లూ బోర్డులో నమోదవ్వాలి, వాళ్లు మోసే టిక్కీకీ లెవీ పడాలి. అప్పుడు మార్చినందువల్ల కొట్టువాడికి మిగిలేది ఉండదు. నాన్నగారికి ఇలా చెప్పండి.

ఈ పొద్దున కాటా ఖాళీగా ఉన్నప్పుడు మా ముఠాలో ఐదుగురిని అడిగాను. ముగ్గురు, తమ పేరున పడి ఫోన్లో కనిపిస్తే సరే అన్నారు. ఒకాయన వద్దన్నాడు. కొడుకు ఫీజు బాకీ ఉంది, దాచుకునే స్థితిలో లేనన్నాడు. ఐదో మనిషి అందరికన్నా చిన్నవాడు, ఇరవై ఐదుంటాయేమో, టిక్కీ మీద కూర్చుని కొక్కెం తుడుచుకుంటూ అడిగాడు. ‘మే నెలలో యార్డుకు సెలవులిస్తారు కదా, ఆ నెల రోజులకు ఇందులోంచి ఏమన్నా ఇస్తారా?’

ఆ నెల సంగతి మనలో ఎవరూ ఎత్తలేదు. దాని మీద మీరేమంటారో రాయండి, అతనికి చెప్పాలి.